బంతిపువ్వు లేని పెళ్లి

మా అక్కకి సంబంధం కుదిరిన వారంలోనే పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పీ విప్పకముందే, గుమ్మంలో నిలబడి, "ముందే చెబుతున్నాను. బంతిపూలు మాత్రం నా కంటికి కనబడకూడదు" అంది.

అప్పటికి ముహూర్తం పెట్టలేదు. పెళ్లి ఎక్కడ చేస్తామో తెలియదు. వంటవాడితో మాట్లాడలేదు. ఎవరైనా పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలుపెడతారు. మా ఇంట్లో బంతిపువ్వుని వెలివేయడంతో మొదలయ్యాయి.

తొంభైల మధ్య మాట ఇది. మేము అత్తాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, తిరిగి వెళ్లడం మరిచిపోయిన మనిషి. అక్క ఒక కంపెనీలో టైపిస్టు. నేను ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. అమ్మకి ఏ విషయంలోనైనా ఒకటే ధైర్యం, వాళ్లక్క. అంటే మా పెద్దమ్మ.

పెద్దనాన్న కాంట్రాక్టరు. వాళ్లకి ఇద్దరూ మగపిల్లలే. ఆడపిల్ల పెళ్లి చేసే యోగం లేదని పెద్దమ్మ చాలాకాలం బాధపడి, చివరికి మా అక్కని చూసి ఊరడిల్లింది. దానికితోడు ఆ శీతాకాలంలో పెద్దనాన్న స్నేహితుడి కూతురి పెళ్లికని బెంగళూరు వెళ్లి, అక్కడ పెద్ద హోటల్లో జరిగిన అలంకరణ చూసి వచ్చింది. కాశీకి వెళ్లినవాళ్లు ఏదో ఒక కూర వదిలేసి వస్తారు. మా పెద్దమ్మ బెంగళూరు వెళ్లి బంతిపూలు వదిలేసి వచ్చింది.

"బంతిపూలు లారీలకి కడతారే. దసరాకి ట్రాక్టర్లకి కడతారు. పెళ్లి మండపానికి కడతారా ఎవరైనా?" అంది.

"మన పెళ్లిళ్లకి అవే కట్టారు కదక్కా" అంది అమ్మ మెల్లగా.

"అందుకే మనం ఇలా ఉన్నాం."

నాన్న పేపరు కొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్లి అయ్యేదాకా ఆ పేపరు కిందకి దించలేదని చెప్పినా పెద్ద అబద్ధం కాదు.

అక్క అడిగిందల్లా ఒక్కటే. వైశాఖంలో ముహూర్తం వస్తే మల్లెలు దండిగా ఉంటాయి కాబట్టి మల్లెమొగ్గలతో పూలజడ వేయించుకుంటానంది. చిన్నప్పటి నుంచీ ఏదీ అడిగే మనిషి కాదు. అది అడగడానికి కూడా రెండు రోజులు ఆలోచించుకుని ఉంటుంది.

పెద్దమ్మ పకపకా నవ్వింది. "పూలజడా? ఆరేళ్ల పిల్లకి వేసి, వెనక అద్దం పెట్టి ఫోటో తీయిస్తారే అదా? నీకు ముడి వేయిస్తాను. పక్కన మూడు గులాబీలు. అంతే. క్లాసుగా ఉంటుంది."

మా ఇంట్లో క్లాసు అంటే అప్పటిదాకా బడిలో గది. ఆ రోజు నుంచి దానికి కొత్త అర్థం వచ్చింది. పసుపు రంగు క్లాసు కాదు. మామిడాకులు ఒక వరస వరకు క్లాసు, రెండో వరస కడితే కాదు. కనకాంబరం అసలే కాదు. అన్నిటికంటే ఘోరం వాసన. మల్లెపూల వాసన వస్తే సాయంత్రం సిటీ బస్సు ఎక్కినట్టుంటుందని పెద్దమ్మ తేల్చేసింది. ఆమె సిటీ బస్సెక్కి ఎన్నేళ్లయిందో ఎవరూ అడగలేదు.

ఫంక్షన్ హాలు పెద్దనాన్న చూశాడు. బెంగళూరు రోడ్డు మీద, శంషాబాద్‌లో కొత్తగా కట్టారు. కట్టారంటే, అంతకుముందు అది ద్రాక్షపళ్లు నిలవచేసే గోడౌను. గోడలకి సున్నం కొట్టి, ముందు నాలుగు క్రోటన్ మొక్కలు పాతి, 'గార్డెన్' అని బోర్డు పెట్టారు. లోపలికి వెళితే ఇంకా పులిసిన ద్రాక్ష వాసన వచ్చేది. ఆ వాసన మాత్రం పెద్దమ్మకి అభ్యంతరం కాలేదు. హాలు బెంగళూరు రోడ్డు మీద ఉంది కదా, ఆమె మనసుకి అది సగం బెంగళూరే.

శుభలేఖలు పంచినప్పుడు చుట్టాలు, "శంషాబాదా? దారిలో తినడానికి పులిహోర కట్టుకోవాలా?" అని వెటకారం చేశారు. వాళ్లే ఇప్పుడు అదే శంషాబాద్‌లో విమానం దిగినప్పుడల్లా, అప్పుడు ఇక్కడో స్థలం ముక్క కొనలేకపోయామని దారంతా ఏడుస్తుంటారు.

పూల కోసం మొదట జాంబాగ్ మార్కెట్‌కి వెళ్లాం. బంతి, చామంతి కుప్పల మధ్య పెద్దమ్మ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నడిచింది. ఒక దుకాణం దగ్గర ఆగి, "ఇంపోర్టెడ్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. ఆ దుకాణంవాడు, "కడియం నుంచి వొచ్చినయి ఉన్నయి మేడమ్" అన్నాడు. కడియం రాజమండ్రి పక్కనే ఉందని పెద్దమ్మకి తెలుసు. కాబట్టి అక్కడ బేరం కుదరలేదు. పొడుగు కాడల గులాబీలు కావాలంటే శంషాబాద్‌లోనే ఒక రైతు పెంచుతున్నాడని, వాటిని విమానమెక్కించి విదేశాలకి పంపుతాడని అక్కడే ఎవరో చెప్పారు.

ఆ మాట విన్నాక పెద్దమ్మని ఆపడం ఎవరి తరం? మరుసటి ఆదివారమే పెద్దనాన్న మారుతీ వ్యాన్‌లో అందరం బయలుదేరాం. ఆరాంఘర్ దాటాక అక్కని చూసి, "పెళ్లికూతురివి, ఎండలో నల్లబడతావు, కొంగు కప్పుకో" అంది పెద్దమ్మ. తీసుకెళుతున్నది కూడా ఆమే.

రైతుకి యాభై దాటి ఉంటాయి. బనియను మీద తువ్వాలు వేసుకుని షెడ్డు బయట మంచం మీద కూర్చున్నాడు. షెడ్డంటే ఇనుప కమ్మీల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన పెద్ద పందిరి. లోపల అడుగు పెడితే ఆవిరి మీద ఇడ్లీ పాత్రలోకి దిగినట్టుంది. రెండు వైపులా నడుమెత్తు గులాబీ మొక్కలు, కొసన బిగుసుకున్న ఎర్ర మొగ్గలు.

అమ్మ ఒక మొగ్గని దగ్గరికి లాక్కుని వాసన చూసింది. "వాసన లేదేమిటండీ?"

"వాసన ఉండదమ్మా. గివి బయటి దేశాలకు పోయేటియి" అన్నాడు రైతు.

పెద్దమ్మ కళ్లు మెరిశాయి. "విన్నావా? ఫారిన్ వెళ్లేవట."

"ఎండకాలం పోవమ్మా. గిప్పుడు ఆళ్ల దిక్కు ఆళ్ల పూలే పూస్తయి. మనయి ఎవలు గొంటరు? మీరొచ్చిన్రు, మంచిగైంది."

విదేశాలవాళ్లు వద్దన్న సరుకు మనకి అంటగడుతున్నాడని నాకు అర్థమైంది. అమ్మకీ అర్థమైందనుకుంటాను, నా వైపు చూసింది. పెద్దమ్మ చెవిలో మాత్రం 'ఫారిన్' దగ్గరే తలుపులు మూసుకున్నాయి.

"విచ్చినవి నాకొద్దు. మొగ్గలే కావాలి. ముహూర్తం టైముకి సరిగ్గా విచ్చుకోవాలి" అంది.

"మొగ్గలే ఇస్తం. మా కాడ ఇచ్చుకున్నయి కొయ్యనే కొయ్యం."

"విచ్చుకుంటాయిగా?"

"ఇచ్చుకోక యాడికి పోతయమ్మా?"

రైతు జవాబులో తప్పేమీ లేదు. ఎప్పుడు అని అడగకపోవడం మా వైపు తప్పు. అడగనిది చెప్పడం అతని వ్యాపారం కాదు.

అతని భార్య చాయ్ తెచ్చింది. ముక్కుపుడక, చేతినిండా గాజులు, కూలీలని అదిలించే గొంతు. పొలం ఆమే నడుపుతున్నట్టుంది. వాళ్ల కూతురికీ పెళ్లట. మా పెళ్లయిన మూడో రోజు, అదే హాల్లో.

"మీ డెకరేషన్ జూసి మేం గుడ జర నేర్చుకుంటం అక్కా" అంది పెద్దమ్మతో.

ఇంకేముంది. చాయ్ చల్లారిపోయేదాకా పెద్దమ్మ ఉపదేశం చేసింది. రంగులు రెండే ఉండాలి, రిబ్బను తెల్లదే ఉండాలి, బంతిపువ్వు గడప తొక్కకూడదు. రైతు భార్య ప్రతిదానికీ "అవునా అక్కా, గట్లనా అక్కా" అంటూ విని, అక్క వైపు తిరిగింది.

"నీకేం పూలు ఇష్టం బిడ్డా?"

సంబంధం కుదిరాక అక్కని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. అక్క మొహం వెలిగింది. "మల్లెపూలండీ" అంది.

"మల్లెపూలా!" అని రైతు భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మల్లెపూలు ఇప్పుడు ఎవలు వెట్టుకుంటున్రు బిడ్డా? మా అత్తమ్మ వెట్టుకునేది."

పెద్దమ్మ, రైతు భార్య ఒకరినొకరు చూసుకుని తృప్తిగా నవ్వుకున్నారు. వచ్చేటప్పుడు వ్యాన్‌లో పెద్దమ్మ, "పల్లెటూరిదైనా తెలివైన మనిషి" అని మెచ్చుకుంది.

పెళ్లిరోజు పొద్దున్నే హాలుకి చేరేసరికి మండపం తయారైపోయింది. టెంట్ హౌస్ అతను రాత్రంతా మేల్కొని ఇనుప తీగలతో కట్టాడట. దూరం నుంచి చూస్తే స్తంభాల మీద, పైన కమాను మీద ఎర్రగా ఏవో వేలాడుతున్నాయి. మధ్య మధ్య తెల్ల రిబ్బను ముడులు. దగ్గరికి వెళ్లాక చూస్తే ఒక్క మొగ్గా విచ్చలేదు. అన్నీ పిడికిలి బిగించినట్టే ఉన్నాయి.

"అక్కా, ఇవి విచ్చలేదే" అంది అమ్మ.

"ముహూర్తానికి ఇంకా టైముంది" అంది పెద్దమ్మ.

అంటూనే పనిలోకి దిగింది. టెంట్ హౌస్ అతనితో గోరువెచ్చని నీళ్లు చల్లించింది. ఫ్యాన్లు అటు తిప్పించింది, ఇటు తిప్పించింది. చివరికి పెద్దనాన్నని పిలిచి చేత్తో విప్పమంది. కొత్త పట్టుపంచె కట్టుకున్న పెద్దనాన్న స్టూలెక్కి, ఒక్కో మొగ్గనీ పట్టుకుని వేలితో రేకులు విడదీయడం మొదలుపెట్టాడు. మనిషి నోరు విప్పి మాట్లాడడం నేను ఎప్పుడూ పెద్దగా వినలేదు. విప్పిన రేకులు అంచుల వెంట నల్లబడి, ముడుచుకుని, ఉడికిన బచ్చలాకులా వేలాడాయి. విప్పినవాటికంటే విప్పనివే నయమని తేలాక స్టూలు దిగమన్నారు.

ఇంతలో మగపెళ్లివారి బస్సు వచ్చింది. ముందుగా పెళ్లికొడుకు నాయనమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. సోడాబుడ్డి కళ్లద్దాలు. మండపం ముందు ఆగి, తలెత్తి చాలాసేపు చూసింది.

"ఏమర్రా, స్తంభాలకి ఎండుమిరపకాయలు కట్టారేమిటి? దిష్టికా?"

మావైపు వాళ్లలో ఎవరో ఫక్కుమన్నారు. ఎవరో తెలిసుంటే పెద్దమ్మ ఆ కుటుంబంతో ఈనాటికీ మాట్లాడి ఉండేది కాదు.

వెనకే పెళ్లికొడుకు తల్లి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. గంజి పెట్టిన చీర, చేతికి వాచీ, మితమైన నవ్వు. మొగ్గల్ని దగ్గరగా పరీక్షించి, పరీక్ష పేపరుకి మార్కులు వేసే గొంతుతో అమ్మతో అంది.

"గులాబీలు పెట్టించారా వదినగారూ? మా ఆడపడుచు వాళ్లింట్లో పోయిన ఏడాది పెట్టారు. బాగానే ఉండేవి. ఇప్పుడు అందరూ ఆర్కిడ్లు పెడుతున్నారు కదా."

అమ్మ బిక్కమొహం వేసింది. ఆర్కిడ్ అన్న మాట పెద్దమ్మ కూడా అప్పుడే మొదటిసారి విన్నదని ఒట్టేసి చెప్పగలను. కానీ ఆమె ఒక్క క్షణం తడబడలేదు.

"మేమూ ఆర్కిడ్లే చెప్పామండీ. ఈ ఎండలకి రాలేదు. ఏం చేస్తాం, వీటితో సరిపెట్టుకున్నాం."

కొన్ని వారాలుగా మా ప్రాణాలు తోడిన ఫారిన్ గులాబీలు ఒక్క మాటతో 'సరిపెట్టుకున్న' పూలైపోయాయి. మండపం పక్కన నిలబడి నేను అది విన్నాను. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఆ ధైర్యంలో పదోవంతు అక్కకి ఉంటే పూలజడ వేసుకునేది కదా అనిపించింది.

అక్క లోపల గదిలో ఉంది. బ్యూటీషియన్ ముడి వేసి మూడు మొగ్గలు గుచ్చింది. కాడలకి తీగలున్నాయి కాబట్టి తల తిప్పినప్పుడల్లా మెడకి గుచ్చుకుంటున్నాయి. అక్క తల తిప్పడం మానేసింది. చూసినవాళ్లు, "పెళ్లికళ వచ్చేసింది, ఎంత ఒద్దికగా కూర్చుందో" అన్నారు.

పురోహితుడు విఘ్నేశ్వర పూజ మొదలుపెట్టాడు. పసుపు ముద్ద చేసి, బొట్టు పెట్టి, పక్కకి చెయ్యి చాచాడు.

"పూలేవమ్మా?"

అమ్మ పళ్లెం అందించింది. అందులో కాడలతో సహా గులాబీ మొగ్గలు. ఆయన ఒకటి తీయబోయి, ముల్లు చురుక్కుమనడంతో చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలి మీద చిన్న రక్తపు చుక్క.

"విడిపూలమ్మా, విడిపూలు. అర్చనకి పూలు కావాలి గానీ దుడ్డుకర్రలు కాదు."

"రేకులు తుంపి ఇస్తామండీ" అని పెద్దమ్మ ముందుకొచ్చింది. రెండు మొగ్గల్ని తుంపేసరికి లోపలంతా పాలిపోయిన రంగులో, తడిసిన కాగితాల్లా ముద్దగా వచ్చాయి. ఆయన వాటిని చూసి కళ్లు మూసుకున్నాడు.

"బంతిపూలు లేవా?"

అమ్మ పెద్దమ్మ వైపు చూసింది.

"చామంతులు? మల్లెలు? పోనీ గన్నేరు?"

"తేలేదండీ" అంది అమ్మ. ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఇంత పెద్ద మండపం కట్టి దేవుడికి ఒక్క బంతిపువ్వు తేలేదా? బంతిపువ్వు లేని పెళ్లి నేనెక్కడా చూడలేదమ్మా."

పెళ్లికొడుకు తల్లి వాచీ చూసుకుంది. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం అడగక్కర్లేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి పరిగెత్తాను.

హాలుకి ఎదురుగా రోడ్డుకి అవతల పంక్చర్ షాపు, చాయ్ బండి. వాటి పక్కన ఒక ముసలావిడ లారీలకి దండలు అమ్ముతుంటుంది. వచ్చేటప్పుడు ఆమె బుట్టలో పచ్చగా కనబడ్డాయి. నేను వెళ్లేసరికి బుట్ట ఖాళీ. చివరి దండ ఆగి ఉన్న ఒక లారీ ముందుకి అప్పుడే ఎక్కింది. డ్రైవరు బంపరు మీద నిలబడి దాన్ని సరిచేస్తున్నాడు.

"అన్నా, ఆ దండ ఇస్తారా? పెళ్లికి కావాలి" అన్నాను రొప్పుతూ.

అతను నన్నూ, నా చీరనీ, ఎదురుగా హాలునీ చూశాడు. "పెండ్లి లోపల, పూలు రోడ్డు మీదనా? గిదేం పెండ్లి చెల్లె?"

"లోపల గులాబీలున్నాయి. దేవుడి పూజకి పనికిరావట."

"బండికి ఏసిన దండ. దేవునికి నడుస్తదా?"

ముసలావిడ ఆకు నములుతూ కలగజేసుకుంది. "బండి ఇంక కదలలే గద కొడుకా. ఆ బండి అద్దంల ఉన్న బొమ్మ గుడ దేవుడే గద. ఆ దేవుని కాడికెల్లి ఈ దేవుని కాడికి పోతయి. ఇచ్చెయ్, పెండ్లి ఆగొద్దు."

శాస్త్రం అంత తేలిగ్గా తేలడం నేను మళ్లీ చూడలేదు. డ్రైవరు దండ విప్పి నా చేతుల్లో పెట్టాడు. "తీస్కపో. నా పేరు మీద గుడ ఒక పువ్వు ఎయ్యమను" అన్నాడు. పేరు అడిగే తీరిక లేదు. రోడ్డు దాటేశాను.

హాలు గుమ్మంలోనే దండ తెంపి, పూలు కొంగులో పోసుకుని లోపలికి వెళ్లాను. పురోహితుడు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. డీజిల్ వాసన వచ్చే ఉంటుంది. అయినా, "ఆ, ఇవీ పూలంటే" అని మంత్రం అందుకున్నాడు. నేను ఆ డ్రైవరుని తలుచుకుని ఒక పువ్వు పళ్లెంలో వేశాను.

పెద్దమ్మ మాత్రం పూజ జరిగినంతసేపూ వీడియోవాడిని కనిపెట్టుకుని కూర్చుంది. కెమెరా అటు తిరగగానే పళ్లెం మీద కర్చీఫ్ కప్పేసేది. "మేడమ్, పళ్లెం కనబడతలేదు" అని వాడు, "నువ్వు పెళ్లికూతుర్ని తియ్యి" అని ఈమె. ఆ క్యాసెట్టులో మా అక్క పెళ్లిలో విఘ్నేశ్వరుడి ముందు నీలం గళ్ల కర్చీఫ్ ఒకటి మాటిమాటికీ ప్రత్యక్షమవుతుంది.

ముహూర్తం వేళకి జీలకర్ర బెల్లం పెట్టించారు. దండలు మార్చుకున్నారు. అవీ మొగ్గల దండలే. తీగలతో కట్టినవి కాబట్టి కట్టెలమోపంత బరువు. దండ పడగానే బావగారి భుజాలు ఒక్కసారి కుంగాయి. అక్క మెడ ఒక పక్కకి వాలిపోయి అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి రేకుల పైకప్పు కాలి, మండపంలోని మొగ్గలన్నీ మెడలు వాల్చేశాయి. కాడలు తీగలకి నిలబడే ఉన్నాయి, తలకాయలే కిందికి వేలాడుతున్నాయి. వచ్చిన చుట్టాలు ఆ మండపం కింద నిలబడి అమ్మతో అన్న మాట నేను మరిచిపోలేదు. "డెకరేషన్ చాలా క్లాసుగా ఉందండీ." ఒకరు అన్నారని ఇంకొకరు. బాగాలేదంటే తమకి తెలియదనుకుంటారని అందరికీ భయం. అమ్మ మొదట మొహమాటపడింది. నలుగురైదుగురు అన్నాక, "ఫారిన్ వెళ్లే పూలండీ" అని తనే చెప్పడం మొదలుపెట్టింది.

మూడో రోజు అక్కా బావగారూ మనుగుడుపులకి మా ఇంట్లో ఉన్నారు. రైతు ఇంటి పెళ్లికి పిలుపు ఉంది కాబట్టి అందర్నీ వెంటేసుకుని పెద్దమ్మ బయలుదేరింది. తన ఉపదేశం ఎంతవరకు ఒంటబట్టిందో చూడాలని ఆమె ఆత్రం.

అదే హాలు. అదే మండపం. మా గులాబీలు తీసేసి పెరటి గోడవతల పారేశారు. వాటి స్థానంలో ఊదారంగు, నీలం, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో పువ్వులు. ఆకుపచ్చ పువ్వు నేను అంతకుముందు చూడలేదు. నడుమ రెండు థర్మకోల్ హంసలు మూతులు ఆనించుకుని ఉన్నాయి. గుమ్మంలోకి రాగానే గుప్పుమని గులాబీ వాసన. దగ్గరికి వెళ్లి ముట్టుకుంటే అన్నీ ప్లాస్టిక్ పూలు. వాటి మీద సెంటు కొట్టారు.

రైతు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చి, "ఎట్లున్నదమ్మా?" అన్నాడు.

"మీ గులాబీలు పెట్టలేదేం?" అంది పెద్దమ్మ.

"అవేందమ్మా, దినాం జూసేటియే గద. బిడ్డ పెండ్లికి గుడ అవేనా?"

రైతు భార్య వచ్చి పెద్దమ్మ చేయి పట్టుకుంది. "బేగంబజార్ నుంచి కిరాయికి తెచ్చినం అక్కా. వాడవు, రాలవు. ఉన్నంత సేపు ఇచ్చుకునే ఉంటయి. మీయి ఇచ్చుకోలే గద, పాపం. మస్తు పరేషాన్ అయిన్రంట." ఆమె గొంతులో నిజంగానే జాలి ఉంది. అదే పెద్దమ్మకి మింగుడుపడలేదు.

"కాని నువ్వు జెప్పిన ఒక్క మాట మాత్రం పాటించినం అక్కా. బంతిపువ్వు గడప తొక్కనియ్యలే."

ఆ మాట ఇంకా ఆమె నోట్లో ఉండగానే మండపంలోంచి పురోహితుడి గొంతు వినబడింది. "అమ్మా, పూజకు పూలు ఏవి? ప్లాస్టిక్‌వి ఇస్తున్నరేంది?"

రైతు భార్య మొహం మాడిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది, చివరికి పెద్దమ్మని చూసింది. అమ్మ గబుక్కున నేలచూపులు చూసింది. ఇప్పుడైనా తల దించుకుంటుందేమోనని నేను పెద్దమ్మనే చూస్తున్నాను.

పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

"అయ్యో రామ! పూజకి బంతిపూలు తెప్పించలేదా? బంతిపువ్వు లేకుండా పెళ్లేమిటమ్మా, ఎక్కడైనా ఉందా?" అని, నా వైపు తిరిగి, "చూస్తావేమే, రోడ్డవతల ముసలమ్మ అమ్ముతుంది, పట్రా పో" అంది.

ఈసారి బుట్ట నిండుగా ఉంది. రెండు దండలు తెచ్చిచ్చాను. రైతు భార్య పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని, "సమయానికి దేవతలెక్క వొచ్చినవక్కా" అంది. పెద్దమ్మ ఆ మాటని ఏ మొహమాటమూ లేకుండా స్వీకరించి, ముందు వరస కుర్చీలో కూర్చుంది. భోజనాలయ్యాక ప్లాస్టిక్ పూలు కిరాయికిచ్చే దుకాణం ఎక్కడో వివరంగా కనుక్కుంది కూడా. ఆ తర్వాత మా చుట్టాలిళ్లలో చాలా పెళ్లిళ్లకి పూల సంగతి ఆమెనే అడిగేవారు. ఒక్కో పెళ్లికి ఒక్కో పువ్వు క్లాసు తప్పి నాటైపోతుండేది.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో పెద్దమ్మ ఆ హంసల గురించి చెబుతూనే ఉంది. పెద్దనాన్న ఎప్పటిలాగే ఊఁ కొట్టకుండా బండి నడుపుతున్నాడు. వెనక నేనూ అక్కా పక్కపక్కన కూర్చున్నాం. భోజనాలయ్యాక అక్కడి ఆడవాళ్లు తెప్పించి పేరంటాళ్లందరికీ పంచిన మల్లెల మూర ఒకటి అక్క జడలో ఉంది. పెద్దమ్మ ఇంకా గమనించలేదు.

"పెళ్లిరోజు నీకు ఏడుపు రాలేదటే, పూలజడ లేకుండా చేశారని?" అని అడిగాను మెల్లగా.

అక్క మెడ తడుముకుంది. "పూల సంగతి నాకు గుర్తే లేదే. మెడ పట్టేసింది, అదొక్కటే గుర్తుంది. నా దండ కింద ఆయన మోచెయ్యి పెట్టి, ఎవరికీ కనబడకుండా చాలాసేపు ఎత్తి పట్టుకున్నారు. ఆయన చెయ్యి తిమ్మిరెక్కి, తలంబ్రాలు పొయ్యమంటే సగం ఆయన ఒళ్లోనే పోసుకున్నారు."

మధ్య సీట్లో కూర్చున్న బావగారి చెవులు ఎర్రబడడం నాకు కనిపించింది. అక్క కిటికీ వైపు తిరిగి, అత్తాపూర్ వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.